మా వాడు భిక్షువునవుతానంటున్నాడు

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. మా ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. బిడ్డ పెండ్లయి మంచిర్యాలలో ఉంది. కొడుక్కి 29 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కింద ఫ్లాట్ కొన్నాడు, నెలకు 38 వేలు కట్టాలి. పోయిన ఏడాది పది రోజుల ధ్యానం అని వెళ్లొచ్చాడు. అప్పట్నుంచి మనిషి మారిపోయాడు. దసరా పూట కూడా యాట కూర ముట్టలేదు. సంబంధాలు చూస్తుంటే వద్దంటున్నాడు. మొన్న వచ్చి ‘ఉద్యోగం మానేసి భిక్షువునవుతాను’ అన్నాడు. ఆ రోజు నుంచి మా ఆయన వాడితో మాట్లాడటం లేదు. వాడి బల్ల మీదున్నవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు. బిడ్డతో చదివించుకుని పేర్లు రాశాను: తిక్ నాట్ హాన్, పెమా చోడ్రన్, భిక్ఖు బోధి, అజాన్ బ్రహ్మ్, గోయెంకా. వీళ్లంతా ఎవరు? వీళ్లకు తల్లీతండ్రీ, ఇల్లూవాకిలీ లేవా? వచ్చే నెల నర్సంపేట నుంచి ఒక సంబంధం వాళ్లు వస్తామంటున్నారు. పెండ్లయితే వాడే సర్దుకుంటాడని అందరూ అంటున్నారు. రాత్రికి రాత్రి ఎటైనా వెళ్లిపోతాడేమోనని నాకు నిద్ర పట్టట్లేదు.
— ఒక తల్లి, హనుమకొండ

సమాధానం:

చెల్లెమ్మా,

ఇలాంటి ఉత్తరాల్లో సాధారణంగా ‘మా వాడి మనసు ఎలా మార్చాలి’ అని ఒక్కటే అడుగుతారు. మీరు మాత్రం బిడ్డను కూర్చోబెట్టుకుని, నోరు తిరగని పేర్లు చదివించుకుని, కాయితం మీద రాసి పంపారు. కోపంతోనే అడిగినా సరైన ప్రశ్న అడిగారు. మీ వాడిని కూడా ఇదే అడగమని చెప్పబోతున్నాను. అందుకే ముందు ఈ పేర్ల సంగతి చూద్దాం.

గోయెంకా పేరు చివర రాశారు కానీ మీ ఇంట్లో కథ ఆయనతోనే మొదలైనట్టుంది. మీ వాడు వెళ్లింది ఆయన పద్ధతిలో నడిచే విపశ్యన శిబిరానికే అయి ఉండాలి. సత్యనారాయణ గోయెంకా 1924లో బర్మాలోని మండలేలో పుట్టారు. మార్వాడీ వ్యాపార కుటుంబం. చిన్న వయసులోనే వ్యాపారంలో పైకొచ్చారు, దాంతోపాటు భరించలేని మైగ్రేన్ కూడా వచ్చింది. నొప్పి తట్టుకోలేక మార్ఫిన్ ఇంజెక్షన్లు తీసుకునేవారు. విదేశాల డాక్టర్లకు చూపించుకున్నా లాభం లేకపోయింది. 1955లో రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ అనే ఆయన దగ్గరికి వెళ్లారు. ఈ ఊ బా ఖిన్ గుండు చేయించుకున్న స్వామి కాదు. బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్, మనం ఏజీ ఆఫీసు అంటామే, ఆ ఆఫీసు పెద్ద. ఫైళ్లు చూసుకుంటూనే ఉద్యోగులకు ధ్యానం నేర్పేవాడు. ‘తలనొప్పి తగ్గించుకోవడానికైతే నా దగ్గరికి రావద్దు’ అని గోయెంకాను మొదట వెనక్కి పంపబోయాడట.

మీరు వినాల్సిన సంగతి ఆ తర్వాతది. 1969లో గోయెంకా ఇండియాకు వచ్చింది ఆశ్రమం కట్టడానికి కాదు. ఇక్కడున్న తల్లికి నరాల జబ్బు చేసింది. తాను నేర్చుకున్నది ఆమెకు నేర్పాలని వచ్చారు. ముంబయిలో పెట్టిన మొదటి శిబిరంలో 14 మంది కూర్చుంటే, అందులో ఇద్దరు ఆయన అమ్మానాన్నలే. ఆ తర్వాతే మహారాష్ట్రలో ఇగత్‌పురి ధ్యాన కేంద్రం వచ్చింది, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీది ధమ్మఖేత్త కేంద్రం వచ్చింది, తీహార్ జైల్లో ఖైదీలకు శిబిరాలు వచ్చాయి. 2012లో పద్మభూషణ్ ఇచ్చారు, మరుసటి ఏడాది పోయారు. ఆరుగురు కొడుకుల తండ్రి. భిక్షువుగా బతికిన మనిషి కాదు. బోధించేటప్పుడు భార్య ఇలాయచీ దేవి పక్కనే కూర్చునేది. మీ వాడికి దారి చూపించిన మనిషి పూర్తి సంసారి. ఈ మాట వాడు మీకు చెప్పలేదేమో, మీరు అడగండి.

పెమా చోడ్రన్ పేరు చూసి టిబెట్ ఆమె అనుకుని ఉంటారు. ఆమె 1936లో న్యూయార్క్‌లో పుట్టిన అమెరికన్. చిన్నపిల్లల బడిలో టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. రెండు పెళ్లిళ్లయి, రెండూ విడాకులయ్యాయి. రెండో భర్త ఒక రోజు ఇంటి ముందు కారు దిగి వచ్చి, వేరే ఆమెతో సంబంధం ఉంది, విడిపోదాం అన్నాడు. అప్పుడు తాను ఏం చేసిందో ఒక పుస్తకంలో దాచకుండా రాసింది: కింద ఉన్న రాయి తీసి అతని మీదికి విసిరింది. ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రాయే. శాంతి గురించి రాసే చాలామంది తామెప్పుడూ రాయి పట్టుకోనట్టే రాస్తారు. ఆ కోపం, ఆ అవమానం అర్థం చేసుకోబోయి ఆమె బౌద్ధం దగ్గరికి చేరింది. 1974లో దీక్ష తీసుకుంది. తర్వాత కెనడాలో సముద్రం ఒడ్డున ఒక మఠాన్ని నడిపింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. తాను ఏళ్ల తరబడి పనిచేసిన సంస్థలో పెద్దాయన మీద ఆరోపణలు వస్తే, బాధితులకు న్యాయం జరగకుండానే ఆయన్ని మళ్లీ బోధనకు పిలిచారని, 2020లో ఎనభై దాటిన వయసులో ఆ సంస్థ ఇచ్చిన ఆచార్య పదవిని వదిలేసింది. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

తిక్ నాట్ హాన్ సంగతి వేరు. ఈయన నిజంగానే పదహారేళ్లకే ఇల్లు వదిలిన మనిషి. వియత్నాంలోని హ్యూ నగరం దగ్గర ఒక మఠంలో చేరారు. కానీ ఆయన యవ్వనమంతా యుద్ధం. పైన బాంబులు పడుతుంటే లోపల కళ్లు మూసుకుని కూర్చోవడం ధ్యానమా అని ఆ తరం భిక్షువులకు వచ్చిన ప్రశ్న. ఆయన కుర్రాళ్లను కూడగట్టి, కూలిన ఊళ్లలో బడులు, వైద్యశాలలు నిలబెట్టే పని మొదలుపెట్టారు. 1966లో యుద్ధం ఆపమని చెప్పడానికి అమెరికా వెళ్తే మళ్లీ సొంత దేశంలోకి రానివ్వలేదు. తిరిగి వియత్నాం నేల మీద కాలు పెట్టడానికి 39 ఏళ్లు పట్టింది. ఈలోగా మార్టిన్ లూథర్ కింగ్ ఆయన పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు, ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూళ్లో ప్లమ్ విలేజ్ అనే ఆయన మఠం ఏర్పడింది. 2014లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. 2018లో తాను పదహారేళ్లప్పుడు చేరిన అదే మఠానికి తిరిగి వెళ్లారు. 2022 జనవరిలో, 95 ఏళ్ల వయసులో అక్కడే పోయారు.

ఈయన గురించి మీ కోసం ఒక్కటి ఏరి పెట్టాను. 1962లో ఆయన అమ్మ గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. జపాన్‌లో ఒక ఆచారం చూశారట: మదర్స్ డే రోజున తల్లి బతికున్నవాళ్లకు ఎర్రపువ్వు, తల్లి లేనివాళ్లకు తెల్లపువ్వు చొక్కాకు పెడతారు. తనకు తెల్లపువ్వు పెట్టారు. ఆ వ్యాసం చేతులు మారి మారి, వియత్నాంలో పెద్దల పండుగనాడు అందరూ పువ్వులు పెట్టుకునే ఆనవాయితీగా మారింది. మీ వాడి బల్ల మీదున్న పుస్తకంలో అది ఉన్నా లేకపోయినా, ఆ మనిషి అమ్మను తీసిపారేసేవాడు మాత్రం కాదు.

మిగతా ఇద్దరివి త్వరగా చెప్తాను. భిక్ఖు బోధి న్యూయార్క్‌లో పుట్టిన యూదుల పిల్లవాడు, ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేసి 1972లో శ్రీలంక వెళ్లాడు. పాలి భాషలోని సుత్తాలను, అంటే బుద్ధుడి బోధలను, వేల పేజీల్లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఏళ్ల తరబడి వదలని తలనొప్పితోనే ఆ పనంతా చేశాడు. 2008లో ఆకలి తీర్చే పనుల కోసం ఒక సంస్థ పెట్టాడు. అజాన్ బ్రహ్మ్ లండన్‌వాడు, కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ చదివాడు. థాయ్ అడవుల్లో తొమ్మిదేళ్లు గురువు దగ్గర ఉన్నాడు. ఆస్ట్రేలియాలో మఠం కట్టేటప్పుడు డబ్బుల్లేక తాపీ పని తానే నేర్చుకుని గోడ కట్టాడు. ఆ గోడలో రెండు ఇటుకలు వంకర పోయాయి, ఆయన ఇప్పటికీ వాటి గురించే చెప్తుంటాడు. ఆడవాళ్లకు పూర్తి భిక్షుణి దీక్ష ఇవ్వడంలో పాలు పంచుకున్నందుకు 2009లో తన గురుపరంపర నుంచి వెలి అయ్యాడు కూడా.

ఒకరు వ్యాపారి, ఒకరు బడిపంతులమ్మ, ఒకరు యుద్ధంలో చిక్కుకున్న కుర్రాడు, ఒకరు పండితుడు, ఒకరు తాపీమేస్త్రీ. ఎవరి బతుకూ ఇంకొకరిలా లేదు. బట్ట రంగు చూస్తే ఇది కనపడదు. మీ వాడికి కూడా బట్టే ముందు కనిపించి ఉండొచ్చు, ఇరవై తొమ్మిదేళ్లకు అది సహజమే.

మీ జాబితాలో లేని ఒక పేరు నేను కలుపుతాను. అసలు నా మనసు ఆమె దగ్గరే ఉంది. దీపా మా. అంటే ‘దీప వాళ్లమ్మ’. మన ఊళ్లో పిలుచుకున్నట్టే, కూతురి పేరుతోనే లోకమంతా ఆమెను పిలిచింది. 1911లో చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టింది, పన్నెండేళ్లకే పెళ్లి. బర్మాలో కాపురం. చాలా ఏళ్లు పిల్లల్లేరు, పుట్టాక ఇద్దరు పోయారు, ఒక్క దీప మిగిలింది. 1957లో భర్త పోయాడు. గుండె జబ్బు, బీపీ, మంచం మీదినుంచి లేవలేని దుఃఖం. ధ్యానం చేస్తే తప్ప బతకవని డాక్టరే చెప్పాడంటారు. ఆశ్రమం మెట్లు పాకుతూ ఎక్కిందంటారు. తర్వాత కూతుర్ని తీసుకుని కలకత్తా వచ్చి, ఒక ఇరుకు ఇంట్లో ఉంటూ, చుట్టుపక్కల ఆడవాళ్లకు నేర్పింది. వంట చేసే ఆమెకు వంటలోనే, చంటిపిల్ల తల్లికి పాలిచ్చేటప్పుడే ధ్యానం చూపించింది. ఈ రోజు అమెరికాలో పెద్ద పేరున్న గురువులు కొందరు ఆ ఇంటి నేల మీద కూర్చుని నేర్చుకున్నవాళ్లు. 1989లో పోయింది. మీరు మిషను మీద జాకెట్టు కుడుతూ ఎంత నిదానంగా సూది నడుపుతారో ఆమె చూసి ఉంటే, మీకు కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదని అనేదేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఇప్పుడు మీ వాడి సంగతి. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం నాకు తెలుసు. చిన్నప్పుడు మనందరం చదివిన పాఠం అదే: సిద్ధార్థుడు అర్ధరాత్రి నిద్రపోతున్న భార్యనూ కొడుకునూ చూసి వెళ్లిపోయాడు. పాఠం అక్కడే ఆగిపోతుంది. తర్వాత ఏమైందో మనకు చెప్పరు.

బుద్ధుడై తిరిగి కపిలవస్తుకు వచ్చినప్పుడు, కొడుకు రాహులుడికి కూడా దీక్ష ఇప్పించాడు. అప్పుడు తండ్రి శుద్ధోదనుడు వచ్చి చెప్పుకున్న మాట భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఉంది. నువ్వు వెళ్లిపోయినప్పుడు బాధపడ్డాను, నీ తమ్ముడు నందుడు వెళ్లినప్పుడు బాధపడ్డాను, ఇప్పుడు రాహులుడు. బిడ్డ మీది ప్రేమ చర్మాన్ని కోస్తుంది, మాంసాన్ని కోస్తుంది, నరాన్ని, ఎముకను కోసి మజ్జ దాకా పోతుంది. ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరికీ దీక్ష ఇవ్వకండి, అని అడిగాడు. బుద్ధుడు వాదించలేదు. అదే నియమం చేశాడు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ ముసలాయనే గుర్తొచ్చాడు.

ఆ నియమం ఈ రోజుకీ ఉంది. శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్‌లలో నడిచే థేరవాద సంప్రదాయంలో భిక్షువుగా చేరే మనిషిని అందరి ముందూ నిలబెట్టి పాలి భాషలో ప్రశ్నలు అడుగుతారు. ఈ జబ్బులేమైనా ఉన్నాయా? మనిషివేనా? (నవ్వకండి, పూర్వం ఒక నాగుడు మనిషి వేషంలో వచ్చి భిక్షువుల్లో చేరిపోయాడని కథ.) స్వతంత్రుడివేనా? అప్పులు లేవు కదా? రాజు కొలువులో లేవు కదా? తల్లిదండ్రులు ఒప్పుకున్నారా? ఇరవై ఏళ్లు నిండాయా? ఒక్కో ప్రశ్నకు నిజం చెప్పాలి.

అప్పులు లేవు కదా అనే దగ్గర మీ వాడి ఫ్లాటు గుర్తొచ్చిందా? నాకైతే వచ్చింది. ఇంకా ఎన్నేళ్లు కట్టాలో మీరు రాయలేదు కానీ, నెలకు 38 వేల వాయిదా మెడ మీద ఉన్న మనిషికి పద్ధతి తెలిసిన ఏ ఆచార్యుడూ దీక్ష ఇవ్వకూడదు. ఆ అప్పు మీ మీదో, హామీ సంతకం పెట్టినవాళ్ల మీదో వేసి వెళ్లడానికి ఆ దారి ఒప్పుకోదు. ఇది నేను కల్పించిన అడ్డు కాదు, వాడు నమ్మే ధర్మంలోనే ఉన్నది. మీరు అరిచి చెప్పక్కర్లేదు. ‘ఆ ప్రశ్నలు ఏంటో నాకు చదివి చెప్పు నాయనా’ అని అడిగితే చాలు.

అయితే ఒక మాట. ఈ నియమాన్ని తాళంకప్పలా వాడకండి. ‘మేం ఒప్పుకోం, అయిపోయింది’ అని ఒక్కసారే మూసేస్తే, వాడు ఇంట్లోనే ఉండి మీకు దూరమవుతాడు. సగం అయ్యే ఉన్నాడు. ఒప్పుకోవడానికి ఏం కావాలో చెప్పండి: అప్పు సంగతి తేలాలి, మీ ఇద్దరి ముసలితనంలో మందుల ఖర్చు ఎవరు చూస్తారో తేలాలి, అక్కతో కూర్చుని మాట్లాడాలి. అన్నిటికన్నా ముందు, వాడు చేయబోయే పని ఏమిటో చెప్పాలి. బోధి అనువాదం చేశాడు, బ్రహ్మ్ గోడ కట్టాడు, నాట్ హాన్ బడులు పెట్టించాడు. మా వాడు ఏం చేస్తాడు? పొద్దున నాలుగింటికి లేచి ఏం చేస్తాడు, ఎవరి కోసం చేస్తాడు? ఆఫీసులో బాసు, డెడ్‌లైను, ట్రాఫిక్, ఈఎంఐ టెన్షన్ నుంచి పారిపోవాలనుకుంటున్నాడా, లేక ఎక్కడికైనా చేరాలనుకుంటున్నాడా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మొదటిదైతే ఉద్యోగం మారితే సరిపోవచ్చు. మఠంలో కూడా బాసు ఉంటాడు, పైగా అక్కడ వారాంతం ఉండదు.

రాత్రికి రాత్రి వెళ్లే భయం గురించి: ఈ కాలంలో అలా వెళ్లిన గురువు ఒకాయన ఉన్నారు, మీ వాడికి తెలిసే ఉంటుంది. మింగ్యూర్ రింపోచే అనే టిబెటన్ లామా. 2011లో బుద్ధగయలోని తన మఠం నుంచి ఒక ఉత్తరం రాసిపెట్టి రాత్రి పూట వెళ్లిపోయారు. నాలుగేళ్లకు పైగా మామూలు సాధువులా తిరిగారు. కుశీనగర్‌లో తిన్న తిండి పడక చావు అంచుదాకా వెళ్లారు. కానీ ఆయన చిన్నప్పటి నుంచి మఠంలో పెరిగి, పదమూడేళ్లకే మూడేళ్ల ఏకాంత సాధనలో కూర్చున్న మనిషి. తన పనులు అప్పజెప్పి వెళ్లారు. ఒక్క శిబిరం చేసినవాడికి అది కొలబద్ద కాదు.

శిబిరం సంగతి నాకు పుస్తకాల్లో తెలిసింది మాత్రమే కాదు. పదేళ్ల కిందట నేను కూడా కూర్చున్నాను. నాలుగింటికి గంట, ఫోన్ లేదు, మాట లేదు, రోజుకు పది గంటలు కళ్లు మూసుకోవడం, సాయంత్రం కొత్తవాళ్లకు టీ, పండు, మరమరాలు. మూడో రోజు మోకాళ్ల నొప్పికి బ్యాగు సర్దుకున్నాను కూడా. ఎలాగో ఉండిపోయాను. డబ్బు అడగలేదు, చివరి రోజు ఇష్టముంటే ఇవ్వమన్నారు, అంతే. గొడవంతా ఇంటికొచ్చాకే. టీవీ చప్పుడు భరించలేకపోయాను, అందరికీ బోధ మొదలుపెట్టాను. చారు పొంగిపోయినా ‘అనిత్యం’ అన్నాను. మా అత్తమ్మ ‘పది రోజులకే ఇంత పొగరైతే నెల రోజులు పంపిస్తే మమ్మల్ని గుర్తుపడతావా’ అంది. ఆ వేడి తగ్గడానికి నాకు నాలుగైదు నెలలు పట్టింది. వేడి తగ్గాక మిగిలినది మాత్రం ఇప్పటికీ ఉంది, రోజూ అరగంట కూర్చుంటాను. మీ వాడికి ఏడాదైనా తగ్గలేదంటే, ఇది ఉత్తి ముచ్చట కాకపోవచ్చు. అది కూడా మీరు లెక్కలోకి తీసుకోవాలి.

కానీ ఒకటి గమనించండి. వాడు తింటున్నాడా, నిద్రపోతున్నాడా, స్నానం చేస్తున్నాడా, స్నేహితులతో నవ్వుతున్నాడా? యాట కూర మానడం జబ్బు కాదు. (అన్నట్టు, బౌద్ధులందరూ శాకాహారులు కారు. తన కోసం చంపారని చూడనిది, విననిది, అనుమానం లేనిది అయితే, భిక్షలో వేసిన మాంసం కూడా తినవచ్చని పాత నియమం.) అయితే తిండి, నిద్ర రెండూ పోయి, దేని మీదా ఆశ లేదన్నట్టు మాట్లాడుతుంటే అది వైరాగ్యం కాదు, డిప్రెషన్ కావచ్చు. అప్పుడు మఠమూ వద్దు, పెళ్లీ వద్దు, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మనసు బాగా చెడి ఉన్నప్పుడు పది రోజుల మౌనం మేలు చేయకపోగా కీడు చేయొచ్చు. దరఖాస్తులోనే పాత మానసిక జబ్బుల గురించి అడిగేది అందుకే.

ఇంకో జాగ్రత్త, ఇందాక వాయిదా వేసినది. బౌద్ధం పేరు చెప్పుకునే ప్రతి గురువూ మంచివాడు కాదు. 2017లో ఒక ప్రసిద్ధ టిబెటన్ గురువు మీద, ఆయన దగ్గర ఏళ్లపాటు ఉన్న ఎనిమిది మంది శిష్యులే బహిరంగ లేఖ రాశారు, కొట్టడం గురించి, అంతకన్నా దారుణాల గురించి. పుస్తకాలు లక్షల్లో అమ్ముడుపోయిన మనిషి ఆయన. మీ వాడు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నాడో ఆ చోటి పేరు, అక్కడి పెద్ద పేరు అడగండి. డబ్బు ముందే అడిగినా, ఇంటితో మాటలు తెంచుకోమన్నా, గురువు ఏం చేసినా తప్పు పట్టకూడదన్నా, ఆ గడప తొక్కవద్దని చెప్పండి. పెమా చోడ్రన్ లాంటి మనిషికే పదవి వదులుకోవాల్సి వచ్చిన లోకం అది.

‘గుండు చేయించుకుని బిచ్చమెత్తుకోవడమే బౌద్ధం’ అని మీ ఆయనకు అనిపిస్తుంటే, ఆయన్ని మన చుట్టూ చూడమనండి. వరంగల్, కరీంనగర్ వైపు బౌద్ధులమని చెప్పుకునేవాళ్లలో పంతుళ్లు, గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. ఆయనతో కలిసి డిపోలో డ్యూటీ చేసినవాళ్లలోనూ ఉండి ఉంటారు. వాళ్లకు ఈ దారి చూపించింది అంబేడ్కర్. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో ఆయన భార్య సవితతో కలిసి దీక్ష తీసుకున్నారు, వెంట లక్షల మంది. ఆ రోజు కూడా దసరాయే. భిక్షువు అంటే తన మోక్షం చూసుకునే మనిషా, జనానికి సేవ చేసే మనిషా అని ఆయన తన చివరి పుస్తకంలోనే నిలదీశారు. ఆ పుస్తకం తెలుగులో దొరుకుతుంది. మీ వాడి బల్ల మీది ఇంగ్లీషు పుస్తకాల మధ్య అది లేదని గమనించాను. మీ ఆయన చేత కొనిపించి ఇప్పించండి. తండ్రీకొడుకుల మధ్య మాట మొదలుకావడానికి ఒక వంక దొరుకుతుంది.

ఇక నేనైతే ఏం చేస్తానంటారా? వాడిని రాజీనామా చేయవద్దని, ఏడాది గడువు అడుగుతాను. ఆ ఏడాదిలో ఉన్న సెలవులు పెట్టి మళ్లీ శిబిరంలో కూర్చోమంటాను, ఈసారి సేవకుడిగా వంటగదిలో కూడా పనిచేయమంటాను. కూరగాయలు తరుగుతూ పది రోజులుంటే చాలా సంగతులు తెలుస్తాయి. థాయ్‌లాండ్, బర్మాలలో మగపిల్లలు కొన్ని వారాలో నెలలో దీక్షలో ఉండి, మళ్లీ ఇంటికొచ్చి పెళ్లి చేసుకోవడం మామూలే. దీక్ష వదిలి తిరిగి రావడం అక్కడ తప్పు కాదు. అలా వచ్చి, సంసారం చేస్తూ గొప్ప గురువులైనవాళ్లూ ఉన్నారు. వెళ్తే వెనక్కి దారి లేదనే భయం మీరు పెట్టుకోవద్దు, వాడినీ పెట్టుకోనివ్వద్దు. ఏడాది తర్వాత కూడా అదే మాట మీదుంటే, అప్పు తీరే దారి చూపిస్తే, అప్పుడు మీ జవాబు మళ్లీ ఆలోచించుకోవచ్చు. అది అవునే కావాలని నేను అనను.

నర్సంపేట సంబంధం వాళ్లకు మాత్రం ఈ రోజే ఫోన్ చేసి, ఇప్పుడు వద్దని చెప్పండి. పెండ్లి చేస్తే సర్దుకుంటాడనే మాట నమ్మి, ఏ పాపం ఎరుగని అమ్మాయిని తెచ్చి ఈ ఇంట్లో మందులా వాడకండి. రేపు వాడు నిజంగానే వెళ్తే యశోధర బతుకు ఆమెది అవుతుంది.

చివరిగా ఒక పని. ఒక ఆదివారం మీ ముగ్గురూ కలిసి ధూళికట్టకు వెళ్లి రండి. పెద్దపల్లి జిల్లాలోనే, శాతవాహనుల కాలపు స్తూపం. మీ వాడు బౌద్ధం కోసం న్యూయార్క్, ఫ్రాన్స్ పుస్తకాలు తిరగేస్తున్నాడు కానీ, రెండు వేల ఏళ్ల కింద భిక్షువులు మన చేన్ల మధ్యే తిరిగారని చూపించండి. అక్కడ దొరికిన రాళ్ల మీద బుద్ధుడికి పడగ పట్టిన నాగముచిలిందుడు ఉన్నాడు. వీలుంటే ఇంకోసారి నిర్మల్ వైపు గోదావరి ఒడ్డున బాదనకుర్తికి. బావరి అనే ముసలి గురువు తాను నడవలేక, 16 మంది శిష్యులకు ప్రశ్నలిచ్చి బుద్ధుడి దగ్గరికి పంపింది అక్కడి నుంచేనని మన చరిత్రకారులు కొందరంటారు. సుత్తనిపాతం అనే పాత పాలి గ్రంథంలో ఆ ప్రశ్నలన్నీ ఉన్నాయి. ఆ శిష్యుల్లో పింగియుడు అనే అతను విన్నదంతా మోసుకుని తిరిగి గోదావరి దగ్గరికే వచ్చి, ఎదురుచూస్తున్న బావరికి చెప్పాడు. మీ వాడికి ఈ కథ తెలియకపోవచ్చు. దారిలో మీరే చెప్పండి, మీ ఆయన డ్రైవింగ్ చేస్తూ వింటారు.

ఎండాకాలం వద్దు. నీళ్లు, టిఫిన్ డబ్బా ఇంటి నుంచే పట్టుకెళ్లండి. కూర మాత్రం వాడు తినేదే వండండి.